రాయి, ఇత్తడి, సిమెంటు, గాజునార: మన్యపు అంచున శిల్పం

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం పోయే బస్సు సుమారు 120 కిలోమీటర్లు నడుస్తుంది. ఊళ్లు పలుచబడి చెట్లు చిక్కబడే ఇటువంటి ఏజెన్సీ దారులలో, ఒక కూడలిలో కాకపోయినా మరొక కూడలిలో, విల్లు ఎక్కుపెట్టిన అడవి మనిషి బొమ్మ ఒకటి బాటసారికి ఎదురవుతూ ఉంటుంది. కండలు తిరిగిన దేహం, నెత్తిన ఈకలు, ఒళ్లంతా బంగారు రంగు. దూరానికి అది కంచు విగ్రహమే అనిపిస్తుంది. దగ్గరకు పోయి చూస్తే మోకాలి వద్ద రంగు పెచ్చులూడి, లోపలి సిమెంటు బూడిదరంగున బయటపడి ఉంటుంది. ఆ సిమెంటులోనూ ఒక నెరియ. నెరియ వెంట తుప్పు చార.

ఆ బొమ్మ ఎవరిని గౌరవించుటకు నిలిచినదో వారి పోలిక అందులో ఉన్నదా అన్న ప్రశ్న ఒకటి. దానిని పక్కన ఉంచినా మరొక ప్రశ్న మిగులుతుంది. సిమెంటుతో చేసిన వస్తువు తాను సిమెంటునని చెప్పుకొనుటకు ఎందుకు సిగ్గుపడవలె? గడచిన నూరు సంవత్సరాలలో శిల్పకళలో వచ్చిన పెద్ద మార్పులన్నీ ఈ చిన్న ప్రశ్న చుట్టూనే తిరిగినవి.

పంతొమ్మిదవ శతాబ్ది ఐరోపాలో శిల్పి పని ముఖ్యంగా బంకమన్నుతో ముగిసేది. రొడాఁ వంటి మహాశిల్పి సైతం మట్టితో నమూనా తయారుచేస్తే, దానిని చలువరాతిలోనికి మార్చే పని రాతిపనివారిది, కంచులోనికి మార్చే పని పోతపనివారిది. అనగా రూపం ముందు పుట్టి, తరువాత ఏదో ఒక పదార్థపు చొక్కా తొడుగుకొనేది. ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశకంలో బ్రాంకూసి ఈ పద్ధతిని కాదని తానే ఉలి పట్టి రాతిని నేరుగా చెక్కటం మొదలుపెట్టినాడు. 1928 ప్రాంతంలో పికాసో, గొంజాలెజ్ కలిసి ఇనుప కడ్డీలను వెల్డింగుతో అతికి బొమ్మలు కట్టినారు. అప్పటి నుండి శిల్పానికి గల అర్థమే విస్తరించినది. చెక్కటం, పోత పోయటం అనే రెండు పాత దారులకు తోడు అతకటం, కట్టటం అనే మూడవ దారి ఏర్పడినది. రాయి రాయిగా, ఇనుము ఇనుముగా కనిపించవలెనన్నది ఆ తరంవారి పట్టుదల. ఇదంతా పారిస్ కబురు గదా, మన్యానికి దీనితో పని ఏమిటి అని పాఠకుడు అడుగవచ్చును. పని ఉన్నది. ఆ పట్టుదల మన్యానికి కొత్తది కాదు.

గోదావరి లోయలో, ఇప్పటి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవులలో, బృహత్ శిలాయుగపు సమాధులు వందలుగా ఉన్నవి. పినపాక సమీపాన జానంపేట, నదికి ఎగువన మల్లూరు, కాటాపురం ఇందుకు ప్రసిద్ధి. ఈ సమాధుల నడుమ శిలువ ఆకారంలో నిలువురాళ్లు కొన్ని ఉన్నవి. పంతొమ్మిదవ శతాబ్దిలోనే సర్వే ఉద్యోగులు వీటిని గుర్తించి ప్రకటించినారు. 1872లో ఫెర్గుసన్ తన గ్రంథంలో వీటి చిత్రాలు ముద్రించి, ఇవి క్రైస్తవుల శిలువలేమో అన్న చర్చ కూడ లేవదీసినాడు. తరువాతి పరిశోధకులు చాలమంది వీటిని మనిషి ఆకృతులుగానే గ్రహించినారు. అడ్డంగా చాచిన భాగం భుజాలు, పైభాగం తల. కన్ను లేదు, ముక్కు లేదు, వేళ్లు లేవు.

ఈ రాళ్లను చెక్కనేరని వారి పనిగా తీసివేయటం తొందరపాటు. ఈ లోయలో దొరికే ఇసుకరాయి పొరలు పొరలుగా పేరుకొన్నది. పొర వెంట చీలిక దింపితే పలకగా లేస్తుంది. పలకగా లేచే రాతిలో గుండ్రని దేహం చెక్కబోతే పొర ఊడి వస్తుంది. కనుక ఆ పనివాడు రాతి ఇష్టాన్ని కనిపెట్టినాడు. పలకను పలకగానే ఉంచి, పక్క అంచులు మాత్రమే తొలిచి, భుజాలూ మెడా తేల్చినాడు. బ్రాంకూసి నూరు సంవత్సరాల క్రిందట వాదించి గెలుచుకొన్న నియమం ఇదే. ఈ రెండింటికీ చారిత్రక సంబంధం ఏమీ లేదు, ఉన్నదని చెప్పబోవటం హాస్యాస్పదం. అయితే ఒకే రకపు బుద్ధి రెండుచోట్లా పనిచేసినదని మాత్రం చెప్పవచ్చును. ఉలికి లొంగనిదానిని ఒదిలివేయటం కూడ శిల్పంలో భాగమే.

ఇక లోహం. ఈ అడవి అంచున లోహశిల్పం గూర్చి మాట్లాడేటప్పుడు కోయల ఇలవేల్పులను విడిచి మాట్లాడటం సాధ్యం కాదు. కోయలు మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు అంటూ గట్టులుగా విభజించుకొని ఉంటారు. ఒక్కొక్క గట్టులోని వంశాలకు వేల్పులున్నవి. ఆ వేల్పులకు చిహ్నాలుగా లోహపు ఆకృతులు, పడిగె అనబడే మూడుమూలల బొమ్మల గుడ్డలు ఉంటవి. ఏడాది పొడవునా అవి ఎవరి కంటా పడవు. కొలుపు వచ్చినప్పుడు బయటికి తీసి, కడిగి, పసుపు కుంకుమలు పూసి, డోలి వాయించేవారు వంశకథ పాడుతుండగా ఊరేగించి, మరల మూటగట్టి దాచివేస్తారు. చేతిలో ఇమిడే ఆ ఆకృతిని ఎత్తైన దిమ్మె మీద నిలబెట్టి చూడాలన్న ఆలోచన వారికి లేదు. మోయదగినంత బరువు, మూటకు ఇమిడేటంత పరిమాణం, పది తరాలు తోమినా అరిగిపోని గట్టిదనం, ఇవీ ఆ శిల్పానికి కావలసిన గుణాలు. ఇత్తడి, కంచు ఈ మూడింటినీ ఇవ్వగలవు. కనుకనే లోహం వచ్చినది, మెరుపు కోసం కాదు.

గోండ్వానా అడవులలో ఇటువంటి ఆకృతులను పోసే పద్ధతిని శిల్పశాస్త్రాలు మధూచ్ఛిష్ట విధానం అన్నవి. మధూచ్ఛిష్టమంటే తేనె తీసిన తరువాత మిగిలేది, మైనం. తెలంగాణకు ఉత్తరాన ఆదిలాబాదు ఓజాలు, గోదావరికి ఆవలి బస్తరులోని ఘడ్వాలు ఈ విద్యను నేటికీ నిలుపుకొన్నారు. భద్రాచలం దాటి శబరి వెంట పోతే కోంట, సుక్మా, జగదల్పూర్‌ల మీదుగా బస్తరుకు రోడ్డు ఉన్నది. అడవి ఎక్కడా తెగదు, రాష్ట్రపు సరిహద్దు మాత్రమే మారుతుంది.

పని ఇలా సాగుతుంది. ముందు ఊకా పేడా కలిపిన మట్టితో లోపలి గుండెను చేస్తారు. అది ఆరిన తరువాత తేనెమైనానికి చెట్టుజిగురు కలిపి కాచి, చిన్న రంధ్రం గల గొట్టంలోనుండి ఒత్తితే సేమియా వంటి మైనపు దారాలు వస్తవి. ఆ దారాలను మట్టిగుండె చుట్టూ ఒకదాని పక్కన ఒకటి చుట్టి, నొక్కి, కన్నులూ నగలూ జడలూ అన్నీ దారంతోనే అల్లుతారు. దానిపై మెత్తని మట్టి పూత, దానిపై ముతక మట్టి. అడుగున ఒక దారి వదలి, లోహపు ముక్కలు నింపిన మూసను ఆ దారికే అతికి మట్టితో మూసివేస్తారు. కొలిమిలో పెట్టినప్పుడు మైనం సుమారు 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే కరిగి పోతుంది. ఇత్తడి కరుగుటకు 900 డిగ్రీలు దాటవలె. లోహం కరిగినదని మంట రంగును బట్టి గ్రహించి, అచ్చును తలక్రిందులు చేస్తారు. మైనం ఉన్న చోటికి లోహం దిగుతుంది. చల్లారిన తరువాత మట్టిని పగులగొడితే బొమ్మ బయటపడుతుంది. అచ్చు ఒక్కసారికే సరి, ఒక బొమ్మకు రెండవ బొమ్మ కవల కాదు.

ఈ పద్ధతిలో శాస్త్రజ్ఞుడు మెచ్చుకోదగిన విషయం ఒకటి ఉన్నది. కరిగిన లోహం గట్టిపడేటప్పుడు కుదించుకొంటుంది. ఒకచోట మందం, ఒకచోట పలుచన అయితే పలుచని భాగం ముందు చల్లబడి, మందపు భాగం దానిని లాగి, పగులు పడుతుంది. మైనపు దారాల మందం అంతటా ఒకటే కనుక లోహపు పెంకు మందం కూడ సుమారుగా ఒకటే అవుతుంది. కనుక పగుళ్లు తక్కువ, లోహం ఖర్చూ తక్కువ. బొమ్మ ఒంటి మీద కనిపించే ఆ గీతలు అలంకారం కోసం పెట్టినవని పట్నపు కొనుగోలుదారు అనుకొంటాడు. అవి తయారీ వదలిన అడుగుజాడలు. పని జరిగిన తీరును వస్తువు దాచుకోకపోవటమే ఇక్కడి అందం.

ఈ సంగతిని ఆధునికులలో అందరికన్న గాఢంగా గ్రహించిన శిల్పి మీరా ముఖర్జీ. 1923లో పుట్టి 1998లో మరణించిన ఈమె జర్మనీలోని మ్యూనిక్‌లో శిల్పం నేర్చి వచ్చినది. ఆ చదువు తనకు చాలదని తోచి, 1960 దశకంలో బస్తరు వెళ్లి ఘడ్వాల కొలుముల దగ్గర కూర్చుని దారపు పోత నేర్చుకొన్నది. ఆమె 1972లో పూర్తిచేసిన ‘కళింగలో అశోకుడు’ నిలువెత్తును మించిన కంచు విగ్రహం. అంత పెద్దది ఒకే పోతలో సాధ్యం కాదు గనుక ముక్కలు ముక్కలుగా పోసి అతికినది. అతుకులనూ దారపు గీతలనూ నునుపు చేయక అలాగే ఉంచినది. గుప్పెడంత బొమ్మల విద్య అంత ఎత్తుకు పెరిగినప్పుడు కొంత బిగువు సడలక మానదు. అశోకుని దుస్తులలో గీతలు సజీవంగా ఉన్నంతగా విశాలమైన దేహభాగాలలో లేవు. అయినా చదువుకొన్న శిల్పి అడవి పనివాని వద్ద వస్తువును గాక విద్యను తీసుకొనటం అరుదైన విషయం. బొమ్మను కొని తెచ్చి గదిలో పెట్టుకొనటం సులభం. వేలు కాల్చుకొని నేర్చుకొనటం వేరు.

ఆదిలాబాదు ఓజాల పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. అది మంచిదే. కాని గుర్తింపు పత్రం తేనెమైనాన్ని పుట్టించదు. మైనం ధర, ఇత్తడి ధర, కట్టెల కరువు, ఈ మూడూ కలిసి ఆ కొలిమిని ఆర్పివేసే ప్రమాదం ఇంకా ఉన్నది.

భద్రాచలం చేరితే రాయి మరల ఎదురవుతుంది, కాని వేరొక రాయి. సీతారామస్వామి కల్యాణ మండపం 1960 దశకపు జీర్ణోద్ధరణ కాలంలో ఎస్. ఎం. గణపతి స్థపతి ఆధ్వర్యాన వెలసినది. హుస్సేన్ సాగరులోని ఏకశిలా బుద్ధుని రూపొందించిన స్థపతి ఈయనే. రాయగిరి వద్ద తొలిచిన ఆ విగ్రహం 1990 మార్చిలో పడవ ఒరిగి నీట మునగటం, 1992 డిసెంబరులో పైకి తీయబడటం పాఠకులు ఎరిగిన సంగతే. రెండు సంవత్సరాలకు పైగా నీటి అడుగున ఉన్నా దానికి చెడుపు రాలేదు. గ్రానైటు గుణం అది.

గ్రానైటులో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం స్ఫటికాలు ఒకదానిలో ఒకటి బిగిసి ఉంటవి. ఇసుకరాయి వలె పొర లేదు, చలువరాయి వలె మెత్తదనం లేదు. దీనిని కోయటం కన్న నలగగొట్టటం అనటమే సరి. ఉలి మొన తగిలిన చోట స్ఫటికం చితికి పొడి అవుతుంది. కనుకనే దక్షిణాది గ్రానైటు శిల్పంలో అవయవాలు దేహానికి దగ్గరగా అణిగి ఉంటవి. గాలిలోనికి చాచిన చేయి ఈ రాతిలో దండుగ సాహసం. పాత స్థపతులు కొలతల శాస్త్రాన్ని రాతి బలాన్ని ఎరిగి కట్టుకొన్నారు.

ఇప్పుడు ఉలి అంచున టంగ్‌స్టన్ కార్బైడు చేరినది, ఉలి పక్కన వజ్రపు పొడి అద్దిన కోతచక్రం చేరినది. పది రోజుల పని ఒక రోజున అవుతున్నది. దీనివల్ల శిల్పానికి లాభమా నష్టమా అంటే ఒక్కమాటలో చెప్పలేము. చక్రం తిరిగే దారి తిన్ననిది, కనుక అది కోసిన మడతలు కూడ తిన్నగా, చల్లగా ఉంటవి. చూపు పదునుగల స్థపతి చక్రంతో మోటు పని తీసివేసి చివరి పొరను చేతి ఉలికి అట్టిపెడతాడు. తొందర గల గుత్తేదారు ఆ చివరి పొరను కూడ చక్రానికే ఒప్పగిస్తాడు. ఈమధ్య కట్టిన గుడులలో ద్వారపాలకులంతా ఒకే ముఖంతో ఉండుటకు కారణం ఇదే. కాని ఇంతకన్న పెద్ద నష్టం మరొకటి ఉన్నది. చక్రం లేపే దుమ్ములో అతి సన్నని సిలికా కణాలు ఉంటవి. ఊపిరితిత్తులలో చేరిన ఆ కణాలు బయటికి రావు. అవి కలిగించే సిలికోసిస్ అన్న జబ్బుకు మందు లేదు. చేతి ఉలి పొడి బరువుగా నేల రాలేది, చక్రపు పొడి పొగవలె గాలిలో నిలుస్తుంది. కోతపై నీరు పోస్తూ పనిచేయటం, ముక్కుకు సరియైన వడపోత కట్టటం, ఈ రెండూ లేని పనిచోట చెక్కిన విగ్రహం ఎంత అందమైనదైనా దాని ఖర్చు లెక్కలో ఒక మనిషి ఊపిరి చేరి ఉంటుంది. శిల్ప విమర్శకులు ఈ లెక్క చూడటం తక్కువ.

సిమెంటు వద్దకు రావలె. సిమెంటు హీనమైన పదార్థమన్న మాట తరచు వినబడుతుంది. 1938లో శాంతినికేతనంలో రాంకింకర్ బైజ్ చేసిన ‘సంథాల్ కుటుంబం’ చూచినవారు ఆ మాట అనలేరు. కంచుకు డబ్బు లేదు, ఆ చుట్టుపక్కల మంచి రాయి లేదు. ఉన్నది ఎర్రని లేటరైటు కంకర. ఆయన ఇనుప చట్రం కట్టి, సిమెంటులో ఆ కంకర కలిపి, ముద్దలు ముద్దలుగా విసరి అంటించి, గట్టిపడే ముందు చెక్కినాడు. కావడిలో బిడ్డ, తల మీద బరువు, పక్కన కుక్క. పనికోసం ఊరు విడిచి పోతున్న గిరిజన కుటుంబం. వారు నడిచే నేల కంకరే వారి ఒంటి చర్మం అయినది. ఆ గరుకుదనాన్ని నునుపు చేసి బంగారు రంగు పూసి ఉంటే ఆ శిల్పం అక్కడే చచ్చిపోయేది.

కూడలిలోని విలుకాడు విఫలమైనది సిమెంటు వల్ల కాదు, సిమెంటును దాచబోవటం వల్ల. శాస్త్రరీత్యా కూడ ఆ దాపరికం చెడ్డది. తాజా కాంక్రీటు మిక్కిలి క్షారగుణం కలది. ఆ క్షారంలో ఉన్నంతకాలం లోపలి ఇనుప కడ్డీ మీద పలుచని రక్షణ పొర నిలిచి ఉంటుంది, తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్రమంగా లోనికి చొచ్చి క్షారాన్ని విరిచివేస్తుంది. కడ్డీపై సిమెంటు మందం చాలినంత ఉంటే ఇందుకు దశాబ్దాలు పడుతుంది. చాచిన చేతివేళ్లు, విల్లు, బాణం వంటివి సన్నగా కంచులో వచ్చినట్లు సిమెంటులో రావలెనని పట్టుపట్టినప్పుడు కడ్డీపై వేలెడు మందం కూడ మిగలదు. ఇక నీరు చేరుతుంది. తుప్పు అసలు ఇనుము కన్న రెండింతల నుండి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. లోపలినుండి ఒత్తిడి పెరిగి సిమెంటు పెచ్చు ఎగురుతుంది. విలుకాని మోకాలి నెరియ కథ ఇది. గోదావరి తీరపు ఊళ్లకు ఇది మరింత వర్తిస్తుంది. భద్రాచలం వద్ద నది 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు పెరిగినది. తడిసి ఆరి, తడిసి ఆరి ఉండే చోట కడ్డీ తొందరగా తుప్పు పడుతుంది. సిమెంటు బలం ఒత్తిడిని భరించటంలో ఉన్నది, సన్నగా సాగటంలో లేదు. కూర్చున్న మనిషి, దుంగపై ఆనిన మనిషి, బిడ్డను ఒడిలో ముడుచుకొన్న తల్లి సిమెంటుకు తగిన విషయాలు. విల్లు లాగే వీరుడు తగడు. కాని ఊరికి వీరుడే కావలెను, అదీ కంచు వీరుడే కావలెను, కేటాయించిన సొమ్ము సిమెంటుకు మాత్రమే చాలును!

ఈ చిక్కుకు గాజునార జవాబు చెప్పినట్లు కనిపిస్తుంది. జుట్టుకన్న సన్నని గాజుపోగులను చాపగా పరచి, పోలియెస్టరు రెజిన్ అనే జిగట ద్రవంతో తడిపి, గట్టిపరచే మందు కొద్దిగా కలిపితే, ద్రవంలోని అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి కొంతసేపటికి బిరుసెక్కుతవి. మరల కరగవు. నీటికన్న గ్రానైటు సుమారు 2.7 రెట్లు, కంచు 8.8 రెట్లు బరువైతే, గాజునార పెంకు ఒకటిన్నర రెట్లు మాత్రమే. పైగా పెంకు లోపల బోలు. ఇద్దరు మనుషులు ఎత్తగల విగ్రహం! చాచిన చేయి విరగదు, లోపల తుప్పు పట్టే కడ్డీ అక్కరలేదు. పెళ్లి పందిళ్ల ఏనుగులు, దుకాణాల ముందరి బొమ్మలు, ఊరేగింపు రథాల దేవతలు అన్నీ ఇప్పుడు ఈ పదార్థంతోనే తయారవుతున్నవి. ఏ పదార్థాన్నైనా అనుకరించగలగటం దీని వరం. శాపమూ అదే.

ఈ శాపాన్ని వరంగా మార్చినవాడు జి. రవీందర్ రెడ్డి. ఖమ్మానికి పొరుగున ఉన్న సూర్యాపేటలో 1956లో పుట్టి, బరోడాలోనూ లండన్‌లోనూ చదివి, విశాఖపట్టణంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించినాడు. ఆయన చేసిన స్త్రీల శిరస్సులు మనిషికన్న ఎన్నో రెట్లు పెద్దవి. విప్పారిన తెల్లని కన్నులు, మెరిసే ఎర్రని పెదవులు, నున్నని చెంపలపై బంగారు రేకు, వెనుక పెద్ద కొప్పు నిండా పూలు. పని మట్టితో మొదలై, అచ్చులో గాజునారగా మారి, రంగుతోనూ రేకుతోనూ ముగుస్తుంది.

మెరుపే ఇక్కడ కీలకం. కూడలి విలుకాడు కూడ బంగారు రంగులోనే ఉన్నాడు గదా, తేడా ఏమిటి? విలుకాని రంగు చూపరిని నమ్మించుటకు పూసినది. రవీందర్ రెడ్డి రంగు ఎవరినీ నమ్మించబోదు. కారు తలుపు వంటి నునుపు, సినిమా పోస్టరు వంటి పెదవి, గుడిలోని అమ్మవారి కన్ను, బస్సు కోసం నిలబడిన తెలుగు స్త్రీ కొప్పు, ఇవన్నీ ఒకే ముఖంలో చేరి, ఇది రాయి కాదు కంచు కాదు, ఈ కాలపు వస్తువు అని బాహాటంగా చెబుతున్నవి. ఆ శిరస్సు బోలు అన్న సంగతి చూడగానే తెలుస్తుంది, దానివల్ల గాంభీర్యం తగ్గదు. ఆ ముఖాలలో ఒక లోపం లేకపోలేదు. చాల శిరస్సులు వరుసగా చూచినప్పుడు కన్నుల విస్మయం ఒక సూత్రంగా మారిపోయి, పేరు మారినా మనిషి మారలేదేమో అనిపిస్తుంది. ఒంటరిగా చూచినప్పుడు మాత్రం ఆ చూపు నుండి తప్పించుకొనటం కష్టం.

గాజునార పని నిరపాయకరమని ఎవరూ అనుకోరాదు. రెజిన్ నుండి వెలువడే స్టైరీన్ ఆవిరి తలనొప్పినీ మత్తునూ కలిగిస్తుంది. ఆరిన పెంకును రుద్దేటప్పుడు లేచే గాజుపొడి చర్మాన్నీ గొంతునూ గుచ్చుతుంది. గాలి ఆడని రేకుల షెడ్డులో, వట్టి చేతులతో ఈ పని చేసే కుర్రవాళ్లు తెలుగుదేశపు పట్టణాలలో కొల్లలు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు రక్షణపూత లేని రెజిన్ పసుపెక్కి, పొడిపొడిగా రాలుతుంది. విరిగిన కంచు కరిగి మరొక కంచు అవుతుంది, విరిగిన రాయి నేలలో రాయిగా కలుస్తుంది. విరిగిన గాజునార చెత్తకుప్ప చేరి అక్కడే ఉంటుంది.

భారీ విగ్రహాల గూర్చి రెండు మాటలు చాలును. 2022 ఫిబ్రవరిలో ముచ్చింతలలో ఆవిష్కరించిన 216 అడుగుల రామానుజ విగ్రహం చైనాలో ముక్కలుగా తయారై వచ్చి ఇక్కడ అతకబడినది. 2023 ఏప్రిల్‌లో హైదరాబాదులో నిలిచిన 125 అడుగుల అంబేద్కరు విగ్రహంలో ఉక్కు 360 టన్నులు, కంచు 114 టన్నులు. అనగా బరువును మోసేది ఉక్కు చట్రం, కంచు పైన తొడిగిన చర్మం. ఇంజనీరు దృష్టిలో ఇవి మహత్తర నిర్మాణాలే. చిన్న నమూనాను యంత్రంతో కొలిచి ఎన్నో రెట్లు పెంచినప్పుడు, చేతిలో ఉన్నప్పటి పెదవి వంపు అంత ఎత్తున ఏమవుతుందో చూచుకొనే శిల్పి ఉన్నాడా అన్నదే విమర్శకుని ప్రశ్న. పరిమాణం పెరిగినంత మాత్రాన పోలిక పెరగదు.

అడవి అంచుకే తిరిగి వస్తే, ఇక్కడ అన్నిటికన్న పెద్ద జాతర విగ్రహం లేని జాతర. మేడారంలో సమ్మక్క చిలకలగుట్ట నుండి కుంకుమ భరిణె రూపాన వస్తుంది, గద్దె మీద వెదురు నిలుస్తుంది. లక్షలాది జనం కన్నూ ముక్కూ లేని ఆ వెదురుకే మొక్కి పోతారు. 2026 జనవరి జాతరకు ముందు గద్దెల ఆవరణను రాతితో విస్తరించి, ఆ రాతిమీద కోయల చిహ్నాలను చెక్కించినారు. పడిగె గుడ్డల మీద, వేల్పుల లోహం మీద ఉండిన గుర్తులు ఇప్పుడు రాతికి ఎక్కినవి. కోయల చరిత్ర బహిరంగంగా, శాశ్వతంగా కనిపించటం గౌరవమేనన్న మాటలో సత్యం ఉన్నది. కాని గుడ్డ చేసే పని వేరు, రాయి చేసే పని వేరు. గుడ్డ చిరిగితే కొత్తది కుట్టవలె, కుట్టుటకు బొమ్మల అర్థం ఎరిగినవాడు కావలె, ఎరుగుటకు కథ పాడేవాడు కావలె. రాతిబొమ్మకు వీరెవరూ అక్కరలేదు. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినది, 2024లో ఆయన మరణించినాడు. పడిగె మీది గుర్తును చూచి రాత్రంతా పాడగలిగినవారిలో ఆయన ఒకడు. ఆ పాటలను నేర్చి పాడేవారు ఇంకా ఎందరు మిగులుతారన్న దానిమీద ఆ రాతిబొమ్మల విలువ ఆధారపడి ఉన్నది.

2014లో పూర్వపు ఖమ్మం జిల్లా నుండి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాలలో పోలవరం ముంపు కింద ఊళ్లు ఖాళీ అవుతున్నవి. వేలేరుపాడు వైపున రుద్రమకోట వంటి చోట్ల బృహత్ శిలా సమాధులు కూడ ఆ ముంపు ప్రాంతంలోనివే. నిలువురాళ్లను ఎవరూ మోసుకుపోలేరు. సిమెంటు బొమ్మను దిమ్మెతో సహా వదిలి పోవలసినదే. ఇల్లు విడిచే కోయ కుటుంబం ఇత్తడి వేల్పును పడిగె గుడ్డలో చుట్టి, మూట భుజాన వేసుకొని, పునరావాస కాలనీలో కొత్త గోడ మూలన దించుతుంది.